సన్నని సెగ, సన్నకాయ మిరప: ఒక వంటింటి ప్రయోగము

నేను తెలుగు బోధించేవాడిని. ఉష్ణమును గూర్చి వ్రాయుటకు నాకు అధికారము లేదని భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులు అంటే కాదనలేను. అయినా ఈ సంవత్సరం మా ఇంటి వంటగదిలో నాలుగు నెలలపాటు జరిగిన ఒక ప్రయోగము, అందులో జరిగిన ఒక పొరపాటు, ఆ పొరపాటు వలన తెలిసిన రెండు మూడు సంగతులు విద్యార్థులకు ఉపయోగపడగలవని తోచి ఈ వ్యాసమునకు పూనుకొన్నాను. చివరలో మన కళాశాల పాలకవర్గమునకు ఒక చిన్న మనవి కూడా ఉన్నది.

ప్రారంభము ఇట్లు జరిగినది. అమెరికాలోని డల్లాస్ నగరంలో ఉద్యోగము చేస్తున్న మా మామూ గారి అబ్బాయి ఒకనాడు ఫోనులో, "భాయ్‌జాన్, ఈ రోజు మా ఇంట్లో చిల్లీ వండుకున్నాం" అన్నాడు. చుట్టూ మిరప కల్లాలున్న దర్శిలో కూర్చున్నవానికి ఆ మాట వింతగానే ఉంటుంది. మిరపకాయలు వండుకొని తినడమేమిటని అడిగినాను. అది కాయ పేరు కాదట, కూర పేరట. మాంసము, ఎండుమిరప, చిక్కుడు జాతి గింజలు ఒక విద్యుత్ కుండలో వేసి ఉదయము ఉద్యోగమునకు వెళ్ళితే, సాయంకాలము తిరిగివచ్చునప్పటికి కూర సిద్ధమై ఉంటుందట. ఎనిమిది గంటలు కదపనక్కరలేదు, కాపలా ఉండనక్కరలేదు. వంటవిధానము వ్రాసి పంపమన్నాను. అతడు పంపినాడు. కుండ మాత్రము మనమే తయారుచేసుకొందామని నిశ్చయించుకొన్నాను.

'చిల్లీ' అను మాట మెక్సికో దేశపు ప్రాచీన భాషయైన నహువాత్లు నుండి వచ్చినది. మిరప పుట్టిల్లు అమెరికా ఖండము. పోర్చుగీసు నావికుల ద్వారా 16వ శతాబ్దిలో అది మన దేశమునకు వచ్చినది. అంతకు ముందు మన వంటలలో కారమనగా మిరియమే. క్రొత్తగా వచ్చిన కాయకు మనవారు ఆ మిరియమునకు చుట్టమైన పేరే పెట్టుకొన్నారు. ఇప్పుడు చుట్టమే ఇంటి యజమాని అయి కూర్చున్నది. టెక్సాస్ రాష్ట్రములో మాత్రము కాయ పేరు కూరకు పోయినది. 19వ శతాబ్ది చివరి కాలమున శాన్ ఆంటోనియో నగరపు కూడళ్ళలో సాయంకాలములందు స్త్రీలు పొయ్యిలు పెట్టి ఈ కూరను అమ్మేవారు. వారిని అక్కడివారు 'చిల్లీ రాణులు' అనేవారు. 1977లో టెక్సాస్ శాసనసభ ఈ కూరను రాష్ట్ర వంటకముగా ప్రకటించినది. గింజలు వేయవలెనా వద్దా అను విషయమున అక్కడ నేటికీ వాదములున్నవి; అసలైన టెక్సాస్ వంటలో గింజలకు చోటు లేదని పట్టుదల గలవారంటారు. గోంగూరలో ఉల్లిపాయ సంగతిని గూర్చి మన ఇళ్ళలో జరిగే వాదములను విన్నవారికి ఇది క్రొత్త కాదు.

ఇక ఆ విద్యుత్ కుండ చరిత్ర కూర చరిత్రకన్న నన్ను ఎక్కువగా ఆకర్షించినది. ఇర్వింగ్ నాక్సన్ అను అమెరికా యూదుడు దానికై 1936లో పేటెంటుకు దరఖాస్తు చేసినాడు. 1940లో అది లభించినది. తరువాత అతని సంస్థను కొన్న రైవల్ కంపెనీ 1971లో 'క్రాక్‌పాట్' అను పేరుతో దానిని సంతలోకి తెచ్చినది. ఈ ఆలోచన నాక్సనుకు కలుగుటకు అతని తల్లి చెప్పిన ముచ్చట కారణమంటారు. లిథువేనియాలోని యూదులు శనివారము విశ్రాంతి దినమున పొయ్యి వెలిగించరు. అందుచేత శుక్రవారము ప్రొద్దు గూకక ముందే మాంసము, గింజలు వేసిన కుండను ఊరి రొట్టెల బట్టీలో పెట్టివచ్చేవారు. ఆరిపోతున్న బట్టీ సెగకు రాత్రి అంతా ఉడికి, మరునాటికి ఆ 'చోలెంట్' వేడిగా ఉండేది.

ఇది చదువగానే హలీము జ్ఞాపకము రాని ముస్లిము ఉండడు. గోధుమలను, మాంసమును కలిపి మెత్తగా ఉడికించు 'హరీసా' 10వ శతాబ్దిలో బాగ్దాదులో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాఖ్ కూర్చిన పాకశాస్త్ర గ్రంథములో ఉన్నది. అరబ్బులతో పాటు అది హైదరాబాదు చేరి, పప్పులను, మసాలాలను చేర్చుకొని హలీము అయినది. ఇటుకలతో, మట్టితో కట్టిన బట్టీలపై దేగులు పెట్టి, కట్టెల మంటపై గంటల తరబడి ఉడికించి, ఘోటాలతో మెదిపి చేసే హైదరాబాదు హలీముకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. నిహారీ పేరులోనే 'నహార్', అనగా ఉదయము ఉన్నది. రాత్రి పొయ్యి మీద పెట్టినది ఉదయమునకు తినేది.

అంత దూరము పోనక్కరలేదు. మన పల్లెలలో దాలి లేదా? నేలలో చిన్న గుంట తీసి, పిడకలు పేర్చి, ఊక చల్లి, నిప్పు రాజేసి దాని మీద పాల కుండ పెట్టేవారు. మంట కనబడదు. పాలు పొంగవు. సాయంకాలమునకు గోధుమ వన్నె తిరిగి, చేతి మందము మీగడ కట్టేవి. ఎద్దుల కొరకు ఉలవలు ఉడికించిన నీటిని వంచి, అదే సెగ మీద చిక్కపరచినది ఉలవచారు. అమెరికాలో 1971లో అమ్మకమునకు వచ్చిన సూత్రము మా దాదీ గారి పెరటిలో బూడిద క్రింద ఉండేది. ఆమె పొయ్యి దగ్గర దగ్గిన దగ్గు కూడ నాకు జ్ఞాపకమున్నది కనుక, దాలిని తిరిగి తెమ్మని నేను చెప్పుట లేదు. పొగలేని దాలి కావలెను.

అట్టిది ఐరోపాలో ఒకప్పుడు వాడుకలో ఉండేది. గడ్డి దట్టముగా కూరిన పెట్టెలో మరుగుతున్న పాత్రను పెట్టి మూసివేయుట. 1867 పారిస్ ప్రదర్శనలో నార్వే దేశస్థుడొకడు అట్టి పెట్టెను ప్రదర్శించినాడు. దానికి నిప్పు అక్కరలేదు. లోపలికి పోయిన వేడి బయటికి పోకుండ చూచుటే దాని పని.

ఇందులోని శాస్త్రమును మన ఇంటర్మీడియట్ విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. 5 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 1465 కిలోజౌళ్ళ వేడి చాలును. అదే నీటిలో ఒక్క లీటరు ఆవిరి అగుటకు సుమారు 2257 కిలోజౌళ్ళు కావలెను. అనగా కుండెడు నీటిని మరిగించుటకు పట్టు ఖర్చుకన్న, మూత తీసి ఒక్క లీటరు ఇగిరింపజేయు ఖర్చు ఒకటిన్నర రెట్లు! గ్యాసు పొయ్యి ఇచ్చు వేడిలో అరవై పాళ్ళే పాత్రకు చేరునని అనుకొంటే, ఆ ఒక్క లీటరు ఆవిరి వెనుక సుమారు 80 గ్రాముల గ్యాసు ఉన్నది. మాంసము మెత్తబడుటకు ఆవిరితో పని లేదు. ముదురు మాంసములో నరములవలె ఉండు కొల్లాజెన్ అను పదార్థము 60 నుండి 70 డిగ్రీలు దాటిన వేడిలో, తడిలో, నెమ్మదిగా కరిగి జిగురుగా మారుతుంది. దానికి కావలసినది కాలము. గంటల తరబడి కుతకుతలాడించునప్పుడు మనము పొయ్యిలో వేయు వంటచెరకులో అధిక భాగము వంటగది గాలిని వేడిచేయుటకే వినియోగమగుచున్నది. ఏప్రిల్ నెలలో మన ప్రాంతపు వంటగదికి అదనపు వేడి ఎంత అవసరమో గృహిణులను అడగవలెను.

మా పెట్టె తయారీకి పెద్ద ఖర్చు కాలేదు. ధాన్యము పోసుకొను పాత వెదురు బుట్ట ఒకటి దొరికినది. మొదట అడుగున ఊక పోసినాము. ఎలుకలు దానిని వారము రోజులలో కనిపెట్టినవి. తరువాత పత్తికి మారినాము. చినికిన రెండు బొంతలను విప్పి, అందులోని ముక్కిన పత్తిని ఏకి, అడుగున జానెడు, చుట్టూ జానెడు మందమున కూరి, మధ్య ఆరు లీటర్ల డేగిసా పట్టునంత గుంట ఉంచినాము. పైన కప్పుటకు అదే పత్తితో ఒక మందపు దిండు కుట్టించినాము. పత్తి వేడిని పుట్టించదు. దాని పోగుల మధ్య చిక్కుకొన్న గాలి కదలలేదు, కదలని గాలి వేడిని మోసుకుపోలేదు. అంతే రహస్యము. నల్లరేగడి నేల పంటలు రెండూ, పత్తియు మిరపయు, ఆ విధముగా ఒకే బుట్టలో చేరినవి.

ఇక మొదటి వంట. మామూ గారి అబ్బాయి వ్రాసినది అక్షరాల పాటించినాను. పరీక్ష పత్రములు దిద్దేవారికి ఉండే జబ్బు అది. కిలో మాంసమునకు 75 గ్రాముల ఎండుమిరప అని ఉన్నది. 75 గ్రాములు తూచి వేసినాను. చివరలో ఒక డబ్బా రాజ్మా కలుపుమని ఉన్నది. మా ఊరిలో డబ్బాలోనిది దొరకక, కిరాణా కొట్టులో కొన్న రాజ్మాను రాత్రి నానబెట్టి, కూర పొయ్యి దింపిన తరువాత దానిలో కలిపి, డేగిసాను బుట్టలో పెట్టి దిండు కప్పినాను. కూర పాత్రలో సగము కూడ లేదు. మరునాటి ఉదయము తీసి చూచితే గోరువెచ్చన కంటె కొంచెము ఎక్కువగా ఉన్నది. మాంసము మాత్రము వెన్నవలె ఉన్నది. ఆ మెత్తదనమును చూచి గర్వపడినాను.

నోట పెట్టుకొన్నవారికి కన్నీళ్ళు వచ్చినవి. పిల్లలు ఒక్క ముద్ద తిని మంచినీళ్ళ కొరకు పరుగెత్తినారు. మా అమ్మగారు పళ్ళెము ప్రక్కకు నెట్టి పెరుగు తెచ్చుకొన్నారు. నేను, నా తమ్ముడు మాత్రము పంతమునకు పోయి గింజలు, మాంసము ఏరుకొని తిన్నాము. రెండు గంటలు గడవకముందే ఇద్దరికీ వాంతులు మొదలైనవి. మధ్యాహ్నము వరకు నేను పడక మీదనే ఉన్నాను. ఆ రోజు తరగతులు పోయినవి. కారము ఎక్కువై పిల్లలు ఆ కూర తినకపోవుట మా అదృష్టము. ఈ మాట వ్రాయునప్పుడు ఇప్పటికీ నా చేయి కొంచెము ఆగుతున్నది.

ఎందుకిట్లయినది? కారము సంగతి ముందు చూతము.

మిరపలోని కారమునకు కారణమగు కాప్సైసిను గింజలో పుట్టదు. గింజలను పట్టియుంచు లోపలి తెల్లని ఈనెలో పుట్టి గింజలకు అంటుకొంటుంది. దానిని కొలుచుటకు 1912లో విల్బర్ స్కోవిల్ ఒక పద్ధతి కనుగొన్నాడు: మిరప సారమును తీపి నీటిలో కలిపి, నాలుకకు కారము తెలియకుండ పోవువరకు పలుచన చేయుట. అమెరికాలో ఈ కూరకు వాడు 'ఆంకో' అను ఎండుమిరప ఆ కొలతలో సుమారు వేయి నుండి రెండు వేలు. మన గుంటూరు సన్నము సుమారు 35 వేలు, ఆ పైన. అక్కడ 75 గ్రాములనగా చిక్కదనము, రంగు, కొంచెము ఘాటు. ఇక్కడ 75 గ్రాములనగా ఇరవై రెట్ల నిప్పు. రెండింటినీ 'ఎండుమిరప' అను ఒకే మాటతో పిలుచుట వలన నేను మోసపోయినాను. భాష బోధించేవాడు ఒక పదమునకు రెండు దేశములలో ఒకే అర్థమని నమ్మి చెడిపోయినాడని మా తమ్ముడు నవ్వినాడు, అదీ మరునాడు, నవ్వగలిగిన తరువాత.

ఈ సందర్భమున మరియొక సంగతి. ఎక్కువసేపు ఉడికితే కారము తగ్గుతుందని పలువురు అనుకొంటారు. వాసన తగ్గుతుంది, కారము తగ్గదు. కాప్సైసిను వంటలోని వేడికి విరిగిపోవునది కాదు. మూసిన కుండలో ఎక్కడికీ పోదు. అది నీటిలో సరిగా కరగదు, నూనెలోను కొవ్వులోను కరుగుతుంది. కనుకనే మంచినీళ్ళు త్రాగిన పిల్లల ఏడుపు ఆగలేదు, పెరుగు తిన్న మా అమ్మగారు నెమ్మదించినారు. నిజమునకు నాలుక అక్కడ అనుభవించునది రుచి కాదు, వేడి. వేడి తగిలినప్పుడు మేల్కొను నరముల గ్రాహకమునే కాప్సైసిను తట్టి లేపుతుంది. 1997లో ఆ గ్రాహకమును గుర్తించిన పరిశోధన డేవిడ్ జూలియస్‌ది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి లభించినది. 'నోరు మండుతున్నది' అని మన భాష ఎప్పటినుండో చెప్పుచున్నది.

ఇక రాజ్మా. ఇది కారము వలె నవ్వుకొని వదలదగిన సంగతి కాదు. పచ్చి ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అను విషపదార్థము ఉన్నది. నాలుగైదు ఉడకని గింజలు తిన్నా ఒకటి నుండి మూడు గంటలలో వికారము, వాంతులు, తరువాత విరేచనములు రావచ్చును. 1976 మొదలు బ్రిటన్‌లో ఇటువంటి సంఘటనలు నమోదైనవి. చక్కగా మరిగే నీటిలో కనీసము పది నిమిషములు, అరగంట అయితే మరింత నిశ్చింత, ఉడికినప్పుడు ఆ విషము నశిస్తుంది. కాని 80 డిగ్రీల వంటి సన్నని సెగకు అది నశించదు. పైగా పచ్చి గింజకన్న అప్పుడు దాని బలము అనేక రెట్లు పెరగవచ్చును. అనగా మెల్లగా వండు కుండ మాంసమునకు ఏ మేలు చేయునో, ఉడకని రాజ్మా విషయమున అంత కీడు చేయును. అమెరికా వంటలో 'డబ్బా' అని వ్రాసినప్పుడు ఆ గింజలు ముందుగనే బాగా ఉడికించినవని అర్థము. వ్రాసినవానికి అది చెప్పనక్కరలేనంత సహజము. చదివిన నాకు అది తెలియదు.

అయితే తప్పు అంతా రాజ్మాదేనా? కూర సగము పాత్రలో ఉండి, తెల్లవారుసరికి చల్లబడినది. 60 డిగ్రీలకు దిగువన సూక్ష్మజీవులు పెరుగుట మొదలిడును. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ వంటి కొన్ని జీవుల బీజములు మరుగు నీటిలో కూడ చావక, కూర నెమ్మదిగా చల్లారునప్పుడు మేల్కొంటాయి. రెండు గంటలలోనే వాంతులు వచ్చినవి కనుక రాజ్మా మీదనే నా అనుమానము ఎక్కువ. కాని రెండు తప్పులు ఒకే కుండలో చేసినవాడు ఏది ఎంత చేసినదో రుజువు చేయలేడు. రసాయనశాస్త్ర ఉపన్యాసకుడైన మిత్రుడు ఇది విని, "ముందు కూర మాని నీళ్ళు వండండి" అని ప్రయోగశాలలోని ఉష్ణమాపకము ఒకటి ఎరువిచ్చినాడు.

ఆ విధముగా మా ఇంట రెండు రాత్రులు నీళ్ళ కూర వండబడినది. నా భార్య ఇరుగుపొరుగువారికి ఈ సంగతి చెప్పవద్దని ప్రాధేయపడినది. మొదటి రాత్రి ఆరు లీటర్ల డేగిసాలో 5 లీటర్ల నీరు మరిగించి ఎనిమిది గంటలకు బుట్టలో పెట్టినాము. అప్పుడు 98 డిగ్రీలు. అర్ధరాత్రి 12 గంటలకు 81. తెల్లవారుజామున 4 గంటలకు 68. రెండవ రాత్రి అదే పాత్ర, అదే బుట్ట, 2 లీటర్ల నీరు. ఎనిమిదింటికి అదే 98. పన్నెండింటికి 65. నాలుగింటికి 48. గది రెండు రాత్రులును సుమారు 30 డిగ్రీలు. న్యూటన్ శీతలీకరణ నియమమును చదివిన విద్యార్థులు ఈ అంకెలతో వక్రరేఖ గీచి, రెండవ రాత్రి నీరు 60 డిగ్రీల గీత ఎప్పుడు దాటినదో కనుగొనవచ్చును. ఒంటిగంట ప్రాంతమున అని వారికి వస్తుంది. అనగా మా మొదటి కూర మేము నిద్రపోతుండగా మూడు గంటలకు పైగా ప్రమాదపు వేడిలో కూర్చున్నది.

వేడి పోవునది పాత్ర పై తలము గుండా; వేడి నిలుచునది లోపలి పదార్థములో. పాత్ర అదే అయినప్పుడు పోవు దారి మారలేదు, నిలువ మాత్రము తగ్గినది. నిండు కుండ తొణకదంటారు. త్వరగా చల్లారదు కూడ.

ఇన్ని తెలిసిన తరువాత చేసిన వంట ఇది. రాజ్మాను వదలి మన అలసందలు తీసుకొన్నాము, అర కిలో. రాత్రి నానబెట్టి, ఆ నీరు పారబోసి, వేరు పాత్రలో క్రొత్త నీటితో పొయ్యి మీద అరగంట తెర్ల కాచినాము. అలసందలలో రాజ్మా అంత భయము లేదు. అయినా ఏ పప్పు గింజనైనా పొయ్యి మీద మరిగించకుండ బుట్టలో పెట్టకూడదని మా ఇంట ఇప్పుడొక చట్టము. మా బోరు నీటిలో గింజలు త్వరగా ఉడకవు. అందులోని సున్నపు లవణములు గింజ పొరను బిగిస్తాయి. త్రాగుటకు తెచ్చుకొన్న డబ్బా నీరు వాడవలసి వచ్చినది. టమాటా పులుపు కూడ గింజను బిగిస్తుంది కనుక, గింజలు మెత్తబడిన తరువాతనే రెండింటికీ పరిచయము చేసినాము.

వేటమాంసము 2 కిలోలు, కాలి పై భాగము, ముదురుది. అంగడిలో లేత మాంసముకన్న దీనికి గిరాకి తక్కువ. ఈ వంటకు ఇదే మేలు. మిరప విషయమున మా అమ్మగారు ఒక మార్గము చెప్పినారు. రంగుకు, చిక్కదనమునకు తక్కువ కారముగల బ్యాడిగి 50 గ్రాములు. ఘాటుకు మన సన్నము 20 గ్రాములు, తొడిమలు తీసి, చీల్చి, గింజలను లోపలి ఈనెతో సహా దులిపివేసి. రెండింటినీ వేడినీటిలో నానవేసి రోటిలో మెత్తగా నూరినాము. పొడి అయితే నూనెలో క్షణములో మాడుతుంది, ముద్ద అయితే నిదానముగా వేగుతుంది. ఎరుపునిచ్చు పదార్థము కూడ నూనెలోనే కరుగునది కనుక నూనె పైకి తేలువరకు వేయించుట అవసరము. కాయలు ఏరునప్పుడు తాలుకాయలను, బూజు మచ్చలున్నవానిని పారవేయవలెను. సరిగా ఎండని కాయలో పెరుగు బూజు వలన అఫ్లాటాక్సిన్ అను విషము చేరుతుంది. అది కూడ వంట వేడికి పోవునది కాదు. కల్లములో మంచు పడకుండ రాత్రులందు పట్టాలు కప్పు రైతు ఆ పని ఎందుకు చేయుచున్నాడో పట్టణపు కొనుగోలుదారు తెలుసుకొనుట మంచిది.

ఉల్లిపాయలు అర కిలో, వెల్లుల్లి, జీలకర్ర, కొద్దిగా ధనియాలు. ఒరెగానో అను ఆకు మాకు దొరకలేదు. నాలుగు వాము ఆకులు వేసినాము. అది అమెరికా రుచి అయినదో కాదో డల్లాస్ నుండి ఎవరూ వచ్చి చెప్పలేదు. మాంసమును మిరప ముద్దతో వేయించి, గింజలు, అర కిలో టమాటా వేసి, నీరు ఒక్క లీటరు మాత్రమే పోసినాము. బుట్టలో ఆవిరి పోదు కనుక పోసిన నీరు పోసినట్లే ఉంటుంది. మొదటి వంట పలుచనగుటకు అదియును ఒక కారణము. అంతా కలిసి ఇరవై నిమిషములు తెర్లిన తరువాత, మూత తీయకుండ, పాత్ర ఇంచుమించు నిండుగా ఉండగా ఎనిమిది గంటలకు బుట్టలోకి దింపినాము.

ఆనాడు రంజాన్ నెల మొదటి వారము. కొత్త మిరప కల్లములకు చేరు కాలము. సహరీకి నాలుగు గంటలకు లేచి దిండు తీసినప్పుడు వచ్చిన వాసనను వర్ణించుటకు ఇది కావ్యము కాదు. ఉష్ణమాపకము 69 డిగ్రీలు చూపినది. అయినను పొయ్యి మీద పెట్టి అయిదు నిమిషములు బాగా మరిగించిన తరువాతనే వడ్డించినాము. ఎముక నుండి మాంసము గరిటె తగిలితే విడిపోయినది. జొన్నరొట్టెతో తిన్నాము. పిల్లలు రెండవసారి అడిగినారు. మా అమ్మగారు మాత్రము జీలకర్ర ఎక్కువైనదన్నారు. ఆమె అన్నది నిజమే.

మా ఇంట నా భార్య ఆ నెల అంతా రెండున్నరకు బదులు నాలుగింటికి లేచినది. ఈ ప్రయోగములో నేను అన్నిటికన్న విలువైనదిగా ఎంచుకొన్న అంకె ఇదే, దీనికి ఉష్ణమాపకము అక్కరలేదు. ఇక్కడే పాలకవర్గమునకు నా మనవి. మన వసతిగృహములో రంజాన్ నెలలో వంటవారు రాత్రి రెండు గంటలకే పొయ్యి వెలిగిస్తారు. వారిలో ఒకరు వయసు మళ్ళినవారు. సాయంకాలము వండిన దాల్చానో, ఖుర్మానో పెద్ద దేగులో ఉంచి పత్తి కూరిన కొయ్య పెట్టెలో పెట్టగలిగితే వారికి రెండు గంటల నిద్ర, వసతిగృహమునకు కొంత గ్యాసు మిగులుతుంది. 40 లీటర్ల దేగు మా డేగిసాకన్న చాలసేపు వేడిని నిలుపును. దాని పరిమాణము పెరిగినంతగా పై తలము పెరగదు. కాని ఒక ఇంటిలో ఇద్దరికి జరిగిన పొరపాటు అక్కడ అందరికీ జరుగును. అందుచేత మొదట రెండు రాత్రులు నీటితోనే పరీక్షించవలెను. ఒక రాత్రి నిండు దేగు, ఒక రాత్రి సగము దేగు. ఒక ఉష్ణమాపకము, ఒక నోటు పుస్తకము వంటగదిలో వ్రేలాడవలెను. తీసినప్పుడు 60 డిగ్రీలకు దిగువనున్న దేనినీ, ఎంత ఖరీదైనదైనను, వడ్డించరాదు. రాజ్మా ఆ పెట్టెలోనికి పోరాదు.

పెట్టెకు కావలసిన కొయ్యను, కొలతలను భౌతికశాస్త్ర శాఖవారు లెక్క వేసి ఇచ్చుటకు అంగీకరించినారు. పత్తిని గూర్చి చింత లేదు. ఊక మాత్రము వద్దు. ఎలుకల సంగతి పైన వ్రాసినాను.